బోయకొండ గంగమ్మ: ఆ కొండ ఎవరి పేరు మోస్తోంది?

మన తంబళ్లపల్లె వైపు కొండ అంటే ముందు మల్లయ్యకొండే గుర్తొస్తుంది. కానీ మదనపల్లె దాటి పుంగనూరు వైపు పోతే చౌడేపల్లె మండలంలో ఇంకో కొండ ఉంది. అదే బోయకొండ. పైన గంగమ్మ తల్లి గుడి. కర్ణాటక, తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. ఆదివారం అయితే కాలు పెట్టే సందు ఉండదు. మనలో చాలామంది ఇంట్లో వాళ్లతో పోయినవాళ్లమే. మొక్కుబడి తీర్చి, కొండ కింద వండుకుని తిని వచ్చినవాళ్లమే. అమ్మవారి తల మీద పూలు పెడితే కుడివైపు పడితే అనుకున్న పని అవుతుందని, ఎడమవైపు పడితే కాదని నమ్ముతాం. అక్కడి తీర్థం తెచ్చి పురుగు పట్టిన పంట మీద చల్లే రైతులూ మనకి తెలుసు. అయితే ఆ కొండకి బోయల పేరు ఎందుకు వచ్చిందని ఎంతమందిమి అడిగాం?

అక్కడ చెప్పే కథ ఇది. ఒకప్పుడు ఆ అడవిలో బోయలు, ఏకిల దొరలు ఉండేవాళ్లు. గోల్కొండ సైన్యం వాళ్ల మీద పడింది. వాళ్లు ఎదురు తిరిగారు, నిలవలేక కొండెక్కి అమ్మని వేడుకున్నారు. గంగమ్మ కత్తి పట్టి దిగి సైన్యాన్ని తరిమింది. ఆ కత్తి దెబ్బకి చీలిందని ఒక బండని ఇప్పటికీ చూపిస్తారు. కథలో తేదీ ఉండదు. కానీ కాలం పూర్తిగా గాలిలోది కాదు. గోల్కొండ సుల్తానులు ఏలింది 1518 నుంచి 1687 వరకు. వాళ్ల సేనాని మీర్ జుమ్లా 1650లో గండికోటని పట్టుకున్నాడు. రాయలసీమలోకి ఆ సైన్యాలు వచ్చిన మాట నిజమే.

ఇప్పుడు కొంతమంది దీన్ని హిందువులకీ ముస్లింలకీ జరిగిన యుద్ధంలా చెప్తున్నారు. మనం ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తెలుగులో దొరికిన తొలి పద్య శాసనాల్లో అద్దంకి శాసనం ఒకటి. 848 నాటిదని చెప్తారు. అందులో ఉన్నదేంటంటే, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను గెలిచాడని పొగడ్త. అంటే గోల్కొండ పుట్టకముందు ఆరున్నర వందల ఏళ్ల కిందటే బోయల మీద దండు నడిచింది. నడిపించింది మన దేవుళ్లకి గుడులు కట్టించే రాజులే. తర్వాత కాలంలో హైదర్ అలీ, టిప్పు సైన్యాల్లో బోయలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. కాబట్టి ఇది మతం గొడవ కాదు. పన్ను కోసం, నేల కోసం, కోటల కోసం రాజ్యం అడవిలోకి రావడం, అక్కడి జనం అడ్డం నిలబడడం. రాజు పేరు మారింది గానీ పద్ధతి మారలేదు.

1800లో మన సీమ కంపెనీ చేతికి వెళ్లింది. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్లని అణిచేశాడు. ఆ తర్వాత దండుల బదులు చట్టాలు వచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. కట్టె, తేనె, దుంప మీద బతికిన యానాదులకి అడవిలో కాలు పెట్టడమే నేరం అయింది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సుగాలీల బేరం రోడ్లు, రైళ్లు వచ్చాక పోయింది. ఎరుకలని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకీ వచ్చింది. స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లోనే. అప్పుడు దాక్కోడానికి కొండ కూడా మిగల్లేదు, ఎందుకంటే కొండ కూడా సర్కారుదే.

బోయలు మన జిల్లాల్లో బీసీలు. వాళ్లని ఎస్టీల్లో చేర్చాలని అసెంబ్లీ 2017లో, 2023లో తీర్మానాలు చేసింది. గిరిజన సంఘాలు వద్దంటున్నాయి. రిజర్వేషన్ మన చదువుకి, మన ఉద్యోగానికి సంబంధించింది కాబట్టి ఆ వాదన గట్టిగానే జరగాలి. అయితే సర్టిఫికెట్ గొడవ వేరు, చరిత్ర వేరు. ఆ కొండ మీద నిలబడినవాళ్ల కథని కాదనాల్సిన అవసరం మనకి లేదు.

ఇంకో మాట. గంగమ్మ మన పల్లెల అమ్మ. ఇప్పుడు అక్కడ నవరాత్రి అలంకారాలు ఘనంగా జరుగుతాయి, దేవాదాయ శాఖ పాలన నడుస్తుంది. గుళ్లలో జంతుబలి వద్దని 1950లోనే చట్టం ఉంది. గుడి మారడం తప్పని కాదు. కానీ గుడి పెద్దదయ్యేకొద్దీ కథలో అమ్మ మహిమ మిగిలి, పోరాడిన మనుషులు చిన్నగా అయిపోతున్నారు. ఆఖరికి పేరు ఒక్కటే మిగిలింది.

పండరంగడి గెలుపుని రాతి మీద చెక్కారు. కొండ మీది వాళ్ల మాటని చెక్కినవాళ్లు లేరు, అది నోటి నుంచి నోటికి వచ్చింది. మన తాతల మాటా అంతే. ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో కూర్చోబెట్టి మూడు అడుగుదాం: మన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ అడవికి పోయేవాళ్లు, ఆ అడవికి పోవడం ఎప్పుడు ఆగింది. ఊరి పేర్లు, కొండ పేర్లు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకుందాం. వాళ్లు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.