పాత అంబాసిడర్‌కు కొత్త బ్రేకులు, ముందు సస్పెన్షన్: పొసిగే భాగాలను ఎంచుకొనే విధానం

పాత అంబాసిడర్ కారును అమ్మక నిలుపుకొన్న కుటుంబాలు మన సరిహద్దు పల్లెలలో నేటికీ ఉన్నాయి. అరసికెరె నుండి పావగడ శనిమహాత్ముని గుడికో, మడకశిర, హిందూపురాలలో పెళ్లికో ఇంటిల్లిపాదీ వెళ్లేందుకు ఆ బండే ఆధారం. అయితే నాటి బ్రేకులు నేటి రోడ్ల వేగానికి చాలడం లేదన్న భావంతో కొందరు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, కొత్త సస్పెన్షన్ వేయించుకొంటున్నారు. ఈ మార్పులో ఏ భాగం దేనితో పొసగుతుందో, ఏది పొసగదో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యమైన సూత్రం ఒక్కటే. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు, చక్రం అనేవి నాలుగు వేర్వేరు వస్తువులు కావు. అవి ఒకే కుదురు. అందులో ఒక్కదాన్ని మార్చితే మిగిలిన మూడింటిపైనా ప్రభావం పడుతుంది. కనుక మంచి భాగాన్ని వెదకడం కంటే, పొసిగే సెట్టును వెదకడం మేలు.

బండి నిర్మాణం

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్‌ను తయారు చేసింది. దీనికి మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు. 1950 దశకం చివర మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, వెనుక చక్రాలకు కమాను కట్టలనబడే లీఫ్ స్ప్రింగులు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు దీని లక్షణాలు. పాత నమూనాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. 1990 దశకంలో ఇసుజు ఇంజనుతో నమూనాలు వచ్చిన తరువాత ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు గల అంబాసిడర్లు కూడా తయారయ్యాయి.

మరొక విషయం గమనించాలి. ఈ కారుకు లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ లేదు. రేకుతో కట్టిన బాడీయే బరువును మోస్తుంది. అందువల్ల ముందు భాగాన్ని కోసి వేరే కారు సస్పెన్షన్ అతికించడం ఇంటి దూలాన్ని కోసి అతికించడం వంటిది.

మార్పు ఎందుకు అవసరమనిపిస్తుంది?

వేగం రెండింతలైతే బ్రేకు వేసిన తరువాత బండి సాగే దూరం నాలుగింతలవుతుంది. పొడి తారు రోడ్డుపై మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్న కారు క్షణానికి సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకొంటుందని అనుకొందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత అది సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 41 మీటర్లు కావాలి. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు కదపడానికి ఒక్క సెకను పట్టినా, 80 కిలోమీటర్ల వేగంలో అప్పటికే బండి మరో 22 మీటర్లు సాగిపోతుంది. వెనుక దీపం లేని ట్రాక్టరు, రోడ్డు దాటే మేకల మంద ఎదురైనప్పుడు ఈ లెక్కకు ప్రాణం విలువ ఉంటుంది.

డ్రమ్ బ్రేకు ఒకసారి గట్టిగా ఆపడానికి చాలినంత శక్తి గలదే. కాని దిగుడు రోడ్డులో మాటిమాటికీ వేసినప్పుడు డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది. నీరు చేరినప్పుడు కూడా పట్టు తగ్గుతుంది. డిస్కు బయటి గాలికి తెరచి ఉంటుంది గనుక త్వరగా చల్లబడుతుంది, త్వరగా ఆరుతుంది. దీని అసలు ప్రయోజనం ఇదే.

మొదటి మెట్టు: ఉన్నదానిని సరిచేయడం

చాలా బండ్లలో లోపం డ్రమ్ము పద్ధతిలో కాదు, దాని అరుగుదలలో ఉంటుంది. కొత్త సెట్టుకు డబ్బు పెట్టే ముందు ఈ క్రిందివాటిని చూపించుకోవాలి.

1. డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయా, లైనింగు అరిగిందా, షూ సర్దుబాటు సరిగా ఉందా?
2. చక్రం దగ్గరి వీల్ సిలిండర్లు కారుతున్నాయా? రబ్బరు హోసులు ఉబ్బాయా, పగిలాయా?
3. మాస్టర్ సిలిండరుకు ఒకే గది ఉందా, రెండు గదులా? ఒకే గది ఉంటే ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదులది వేయిస్తే ఒక జత పోయినా మరొక జత మిగులుతుంది. డిస్కుల కంటే ముందు చేయదగిన మార్పు ఇది.
4. సస్పెన్షన్ బుష్‌లు, చక్రాల బేరింగులు, స్టీరింగ్ కీళ్లు వదులయ్యాయా? ఇవి వదులుగా ఉంటే ఎంత మంచి బ్రేకు వేసినా బండి ఒక ప్రక్కకు లాగుతుంది.

పాత లైనింగుల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దానిని గాలి పైపుతో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. ఇంటి వాకిట్లో పని జరుగుతుంటే పిల్లలను దూరంగా ఉంచాలి.

ముందు సస్పెన్షన్: ఏది మార్చవచ్చు?

టార్షన్ బారు అంటే మెలి తిరిగి స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీ. దాని బిగువు మందం యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. కడ్డీని పది శాతం లావుగా వేస్తే బిగువు పది శాతం కాదు, సుమారు 46 శాతం పెరుగుతుంది. కాబట్టి 'కొంచెం లావు' అనుకొని వేసిన కడ్డీ గుంతల రోడ్డుపై బండిని ఎగిరెగిరి పడేట్లు చేయవచ్చు. వాడిన కడ్డీ ఒక వైపు మెలికకే అలవాటు పడి ఉంటుంది. విప్పినప్పుడు ఎడమ, కుడి అని గుర్తు పెట్టి, ఏ వైపుది ఆ వైపే బిగించాలి.

షాక్ అబ్సార్బర్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మోరిస్ మైనర్ వంటి పాత బ్రిటిష్ కార్లలో లివర్ తరహా షాక్ అబ్సార్బరు చేయి కేవలం కుదుపును ఆపదు, చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్‌గా కూడా పని చేస్తుంది. అటువంటి అమరికలో పాతదాన్ని తీసివేసి గొట్టం ఆకారపు టెలిస్కోపిక్ రకాన్ని వేస్తే సరిపోదు. పై ఆర్మ్‌కు వేరే ఏర్పాటు ఉండాలి. మీ బండిలో ఏ అమరిక ఉన్నదో మెకానిక్కు చేత చూపించుకొని, ఆ తరువాతనే కొనండి.

అందం కోసం ముందు భాగాన్ని క్రిందికి దించడం మంచిది కాదు. స్టీరింగు రాడ్డు, క్రింది ఆర్మ్ రెండూ ఒకే తీరున పైకి క్రిందికి కదిలేట్లు తయారీదారు అమర్చి ఉంటాడు. ఎత్తు మారితే వాటి కోణాలు మారి, గుంతలో పడినప్పుడు చక్రం తనంత తానే ఒక వైపు తిరుగుతుంది. పల్లె రోడ్లపై ఇది ప్రమాదకరం. ఎత్తును మార్చినా, భాగాలు విప్పి కట్టినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

డిస్క్ బ్రేకులు: సెట్టుగా ఎలా చూడాలి?

పాత అంబాసిడర్‌కు అన్నింటికంటే పొసిగేది, డిస్కులతో వచ్చిన తరువాతి అంబాసిడర్ ముందు భాగపు సామాగ్రియే. స్టబ్ యాక్సిల్, హబ్బు, డిస్కు, కాలిపర్, కాలిపర్ పట్టీ, మాస్టర్ సిలిండర్, బూస్టరు అన్నీ ఒకే బండివి అయి ఉండాలి. బెంగళూరు జె.సి. రోడ్డు అంగళ్లలోనో, శివాజీనగర గుజరీలోనో ఇవి విడివిడిగా వేర్వేరు బండ్లవి దొరికితే చౌకగా కనిపిస్తాయి. కాని కలిపినప్పుడు ఈ ఐదు చోట్ల తేడా వస్తుంది.

ఒకటి, బేరింగు కొలత. లోపలి, వెలుపలి బేరింగుల కొలతలు స్టబ్ యాక్సిల్‌కు సరిపోవాలి. కాగితమో, రేకో చుట్టి బిగించే పనిని ఒప్పుకోరాదు.

రెండు, మాస్టర్ సిలిండరు బోరు. ముప్పావు అంగుళం బోరు తీసి 7/8 అంగుళం వేస్తే వైశాల్యం సుమారు 36 శాతం పెరుగుతుంది. పెడలు కొంచెమే క్రిందికి పోతుంది, గట్టిగా తోస్తుంది. కాని అదే కాలి బలానికి పైపులో ఒత్తిడి సుమారు 27 శాతం తగ్గుతుంది. 'పెడలు గట్టిగా ఉంది, బ్రేకు బాగుంది' అనుకోవడం ఇక్కడే పొరపాటు. కాలిపర్‌తో వచ్చిన సిలిండరునే వాడాలి.

మూడు, నిలువ ఒత్తిడి వాల్వు. డ్రమ్ముల కోసం చేసిన కొన్ని మాస్టర్ సిలిండర్లలో పైపులో కొద్ది ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. అదే ఒత్తిడి డిస్కు వైపు ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకొంటూ డిస్కు కాగిపోతుంది.

నాలుగు, బూస్టరు. డ్రమ్ములోని షూ చక్రం తిరిగే బలంతో తనను తానే అదుముకొంటుంది. డిస్కు ప్యాడుకు ఆ గుణం లేదు. అందుకే దానికి ఎక్కువ ఒత్తిడి, సాధారణంగా వాక్యూమ్ బూస్టరు సహాయం కావాలి. పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే వాక్యూముతో బూస్టరు నడుస్తుంది. డీజిలు ఇంజనులో అటువంటి వాక్యూము ఏర్పడదు. దానికి వేరుగా వాక్యూమ్ పంపు ఉండి తీరాలి. మీది డీజిలు అంబాసిడర్ అయితే ఈ మాట మొదటే అడగండి. ఇంకొక హెచ్చరిక: ఇంధనం మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపి నడిపే అలవాటు బూస్టరు ఉన్న బండిలో ప్రాణాంతకం. నిలువ ఉన్న వాక్యూము కొద్ది సార్లు బ్రేకు తొక్కడంతోనే అయిపోతుంది. ఆ తరువాత పెడలు బండరాయిలా మారుతుంది.

ఐదు, ముందు వెనుకల సమతూకం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికవుతాయి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే బండి గిరగిర తిరుగుతుంది. ముందు డిస్కులు వేసి వెనుక డ్రమ్ములను అలాగే ఉంచినప్పుడు, వెనుకకు పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు అవసరమా అన్నది పరీక్షించి తేల్చాలి. ముందు చక్రాలే ముందుగా బిగుసుకోవాలి.

ఇవిగాక, కాలిపర్ చక్రపు రిమ్ము లోపలి భాగానికి తగలకుండా చూడాలి. కొనే ముందే రిమ్మును తొడిగి, చేతితో పూర్తిగా త్రిప్పి, స్టీరింగును రెండు కొసలకూ త్రిప్పి చూడాలి. క్రాస్‌ప్లై, రేడియల్ టైర్లను ఒకే యాక్సిల్‌పై కలపరాదు.

'బ్రేక్ ఆయిల్' అనే పేరు

మన గ్యారేజీలలో తెలుగువారూ కన్నడిగులూ దీనిని 'బ్రేక్ ఆయిల్' అనే అంటారు. నిజానికి మనం వాడే డాట్ 3, డాట్ 4 రకాలు నూనెలు కావు. పేరును నమ్మి ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులు పోతాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చిన తరువాత 140. డాట్ 4కు ఇవి 230, 155. గాలిలోని తేమను పీల్చే గుణం ఉన్నందున సుమారు రెండేళ్లకొకసారి మార్చడం మంచిది. మూత తెరచి చాలా కాలమైన డబ్బాలోనిది వాడరాదు. సిలికోన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపరాదు. ఇవి రంగుపై పడితే పెయింటు ఊడుతుంది. వెంటనే నీటితో కడగాలి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కేరళకు సంబంధించిన కేసులో ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. 2019లో చట్టానికి చేసిన సవరణ వల్ల అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఆ నమూనాకు తయారీదారే వేసిన భాగాలను వాడడం, బాడీని కోయకపోవడం, పనికి ముందే రవాణా కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడగడం, బీమా సంస్థకు తెలుపడం క్షేమం.

సరిహద్దు వాసులకు మరొక మాట. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే 47వ సెక్షను ప్రకారం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఆంధ్రలోని బంధువుల బండిని కర్ణాటకలో ఉంచుకొన్నవారు ముందుగా ఇది సరిచేసుకోవాలి.

మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జూలైలో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే బండి అసలు రూపంలో ఉండాలి, నిత్య ప్రయాణాలకు వాడరాదు. ఆ వరుసలో చేరదలచినవారు తీసివేసిన ప్రతి పాత భాగాన్నీ మూటగట్టి భద్రపరచాలి.

పని ముగిసిన తరువాత

బండిని వెంటనే రోడ్డెక్కించరాదు. ముందుగా ఇంజను నడుస్తుండగా పెడలును ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. అది మెల్లగా క్రిందికి జారితే ఎక్కడో కారుతున్నట్లు. తరువాత మనుషులు లేని చదునైన మైదానంలో 20, 30, 40 కిలోమీటర్ల వేగాలలో వరుసగా ఆపి చూడండి. ఒక ప్రక్కకు లాగినా, వెనుక భాగం జారినా పని పూర్తి కాలేదన్నమాట. కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర వేడిని చేయి తగిలించకుండా దగ్గరగా పెట్టి పోల్చండి. ముందువి రెండూ, వెనుకవి రెండూ జతలుగా సమానంగా ఉండాలి. మొదటి వంద కిలోమీటర్ల తరువాత నట్లు, పైపు కీళ్లు మళ్లీ చూపించాలి.

డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబం ఈ క్రమాన్ని పాటించవచ్చు: మొదట టైర్లు, హోసులు, లైనింగులు, తరువాత రెండు గదుల మాస్టర్ సిలిండరు, ఆ తరువాత బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు, చివరగా, పూర్తి సెట్టు దొరికినప్పుడు మాత్రమే, డిస్కులు. సగం సెట్టుతో నడిచే డిస్కు బండి కంటే, చక్కగా సర్దిన డ్రమ్ము బండిలోనే ఇంటిల్లిపాదికీ భద్రత ఎక్కువ.