సీవా: ఎడారి నడుమ ఒయాసిస్సు పట్టణం

సీవా ఈజిప్టు పశ్చిమ అంచున, లిబియా సరిహద్దుకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒయాసిస్సు పట్టణం. దగ్గరలో పెద్ద ఊరంటే మధ్యధరా తీరంలోని మర్సా మత్రూహ్, అదీ 300 కిలోమీటర్ల అవతల. దక్షిణాన మహా ఇసుక సముద్రం అని పిలిచే దిబ్బల మైదానం మొదలవుతుంది. ఇక్కడి నేల సముద్రమట్టానికి సుమారు 18 మీటర్లు దిగువన ఉంది. అందుకే భూగర్భజలం ఊటలై పైకి వస్తుంది, ఖర్జూరం, ఆలివ్ తోటలు ఆ నీటితోనే పెరుగుతాయి. స్థానికుల భాష సీవీ. బెర్బర్ అని కూడా పిలిచే అమాజిగ్ భాషల్లో అన్నిటికన్నా తూర్పున వినిపించేది ఇదే. ఇంత దూరాన ఉండి ఇంత ప్రత్యేకంగా ఉన్నందువల్ల సీవాను లోకం మరిచిన ఊరిగా చెప్పడం పరిపాటి అయింది. చరిత్ర ఆ మాటను బలపరచదు. రాకపోకల వల్ల, నీటిని పంచుకునే కట్టుబాటు వల్ల సీవా నిలిచింది. ఆ కట్టుబాటు సడలినప్పుడే అసలు ప్రమాదం వచ్చింది.

ప్రాచీన ఆధారాలతోనే మొదలుపెట్టవచ్చు. అఘుర్మీ గుట్ట మీది అమ్మోన్ ఆలయాన్ని క్రీ.పూ. 6వ శతాబ్దంలో అమాసిస్ రాజు కాలంలో కట్టారు. అక్కడ దేవుడు చెప్పే జోస్యం కోసం లిడియా రాజు క్రీసస్ మనుషులను పంపాడని హెరొడోటస్ రాశాడు. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ ఈజిప్టును గెలిచాక ఎడారి దాటి ఇక్కడికే వచ్చాడు. లోకానికి తెలియని ఊరికి చక్రవర్తులు దారి వెతుక్కుంటూ రారు. తర్వాతి శతాబ్దాల్లో జోస్యం ప్రాభవం తగ్గింది, ఖర్జూరం వ్యాపారం మాత్రం ఆగలేదు. బిడారులు కైరో వైపుకూ లిబియా ఒయాసిస్సుల వైపుకూ నడుస్తూనే ఉన్నాయి. సీవా స్త్రీలు బయటికి వెళ్లేటప్పుడు ఒంటి నిండా కప్పుకునే నీలిబూడిద రంగు గళ్ల దుప్పటి ఈ ఊరి గుర్తుగా ప్రసిద్ధి. ఆ గుడ్డను నేసేది కైరో దగ్గరి కెర్దాసా నేతగాళ్లు, దాని మీద రంగుదారాల కుట్టుపని చేసేది సీవా స్త్రీలు. ఊరి సొంతమని చెప్పుకునే వస్తువులోనే దూరపు మగ్గం కలిసి ఉంది.

ఇంత రాకపోక ఉంటే సీవీ భాష ఎలా మిగిలింది అని అడగవచ్చు. ఆ భాషను విప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. అందులో అరబ్బీ పదాలు విస్తారంగా ఉన్నాయి, వ్యాకరణం మీద కూడా అరబ్బీ ముద్ర ఉంది. అంటే అది తలుపులు మూసుకుని దాక్కున్న భాష కాదు. సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడే అలవాటు తరతరాలుగా చెదరనందువల్ల అది బతికింది.

ఊరి లోపలి జీవితాన్ని మలచినది భయం. ఎడారి తెగల దాడులతో జనం నలభైమంది పురుషులకు కుదించుకుపోయారనీ, వాళ్లే 1203లో షాలీ అనే కోట ఊరిని కట్టారనీ సీవా సంప్రదాయ చరిత్ర చెబుతుంది. కట్టడానికి వాడినది కెర్షెఫ్, అంటే ఉప్పునీటి సరస్సుల ఒడ్డున గట్టిపడే ఉప్పుగడ్డలను బంకమట్టితో కలిపి పేర్చిన గోడ. ఎండకు అది రాయిలా బిగుస్తుంది, ఇంటిని చల్లగా ఉంచుతుంది, గట్టి వాన పడితే కరుగుతుంది. గోడ దాటి కట్టుకునే వీలు లేక కుటుంబం పెరిగినకొద్దీ మేడ మీద మేడ వేశారు, సందులు పగలే చీకటిపడ్డాయి. 1820లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ సేన సీవాను లోబరచుకున్నాక గోడ అవసరం క్రమంగా తగ్గింది, జనం కిందికి దిగి ఇళ్లు కట్టుకోసాగారు. 1926లో కురిసిన భారీ వానలు షాలీని శిథిలం చేశాయి.

గోడల మధ్య ఐకమత్యం వెల్లివిరిసిందని అనుకుంటే పొరపాటు. తూర్పువారు, పశ్చిమవారు అని ఊరు రెండుగా చీలి తరతరాలు కొట్టుకుంది. తోటల్లో చాకిరీ చేసిన జగ్గాలా అనే కూలీ యువకులు రాత్రిళ్లు గోడ బయటే పడుకోవలసి వచ్చేది. పాత సీవాను సమానత్వానికి నమూనాగా చూపడం చరిత్రకు అన్యాయం. అయితే ఇంత తగాదా ఉన్నా ఊట నీటిని పగలు, రాత్రి వంతులుగా తోటలకు వదిలే పద్ధతి కొనసాగింది. ఎదుటి పక్షం వంతును కాజేస్తే తన వంతుకూ భరోసా ఉండదని ఇరుపక్షాలకూ తెలుసు. రాజీ కూడా ఇలాంటి అవసరం నుంచే పుట్టింది. 19వ శతాబ్దంలో మదనియ్య సూఫీల మధ్యవర్తిత్వంతో మొదలైందని చెప్పే సియాహా పండుగ ఏటా అక్టోబరు పౌర్ణమికి దక్రూర్ కొండ దగ్గర మూడు రోజులు జరుగుతుంది. రొట్టె ముక్కల మీద వేడి పులుసు, మాంసం వేసిన పళ్లేల చుట్టూ మనుషులు గుంపులుగా కూర్చుంటారు. పిలుపు వినిపించేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు, తర్వాత ధనిక పేద తేడా లేకుండా కలిసి తింటారు.

1980లలో మర్సా మత్రూహ్ నుంచి తారురోడ్డు పడింది. సీవాను చెడగొట్టింది ఆ రోడ్డేనని, ఒంటరిగా వదిలేసి ఉంటే బాగుండేదని ఒక వాదన ఉంది. మార్పు వేగం పెరిగిన మాట నిజమే, కానీ నష్టం మూలం వేరే చోట ఉంది. సీవా మూకుడు లాంటి పల్లం, అందులో చేరిన నీటికి సముద్రానికి దారి లేదు, ఎండకు ఆవిరి కావలసిందే. సొంత బావులు వందల సంఖ్యలో తవ్వి, రాత్రింబవళ్లు నీళ్లు పారనిచ్చినప్పుడు మిగులు నీరు సరస్సుల్లో చేరి, వాటి మట్టం పెరిగి, అంచున ఉన్న తోటలు చౌడుబారాయి. ఎడారిలో పంట నీళ్లెక్కువై ఎండిపోవడం ఈ ఊరి విషాదం. ప్రభుత్వం కొన్ని బావులను మూయించింది, మురుగునీటిని తూర్పు పల్లానికి మళ్లించే కాలువ తవ్వించింది. చేరిన నీటిని కాలువ తీసుకుపోగలదు, ఏ బావి ఎంతసేపు పారాలో మాత్రం తోటల యజమానులే కూర్చుని తేల్చుకోవాలి.