ముంచిన చేతులే చేయందించాయి

చీకట్లో, నీళ్లలోంచి కేకలు వినిపిస్తున్నాయి. ఇంగ్లిష్ కాదు, ఇటాలియన్. కాపాడమని వేడుకుంటున్నారు. జర్మన్ జలాంతర్గామి యు-156 కమాండర్ వెర్నర్ హార్టెన్‌స్టైన్ నిర్ఘాంతపోయాడు. తాను ఇప్పుడే టార్పెడోలతో కొట్టింది బ్రిటిష్ ఓడనైతే, తమ మిత్రదేశం వాళ్లు ఇక్కడెందుకున్నారు?

అది 1942 సెప్టెంబర్ 12. ఆ ఓడ పేరు లకోనియా. సూయెజ్ నుంచి బయల్దేరి, ఆఫ్రికాను చుట్టి బ్రిటన్ వెళుతోంది. అందులో సుమారు 2,700 మంది ఉంటే, 1,800 మంది ఇటాలియన్ యుద్ధఖైదీలే. ఓడ మునుగుతున్నా చాలామంది కటకటాల వెనకే ఉండిపోయారు. బ్రిటిష్ సైనికులు, వాళ్ల భార్యాబిడ్డలు, పోలిష్ కాపలాదారులు అంతా సముద్రంలో పడ్డారు.

హార్టెన్‌స్టైన్ పుట్టింది 1908లో, సాక్సనీలోని ప్లావెన్‌లో. యుద్ధంలో మొదట టార్పెడో పడవలు నడిపి, 1941లో జలాంతర్గాముల దళానికి మారాడు. 1942 ఫిబ్రవరిలో అరూబా దీవి దగ్గర చమురు ఓడల మీద దాడి చేశాడు. ఒడ్డునున్న చమురుశుద్ధి కర్మాగారాన్ని పేల్చేద్దామని ఫిరంగి ఎక్కుపెడితే, గొట్టానికి బిగించిన మూత తీయడం మర్చిపోయారు. గుండు లోపలే పేలింది. ఒక నావికుడు చనిపోయాడు, ఒక అధికారి కాలు పోయింది. ఆ అధికారిని వైద్యం కోసం మార్టినిక్‌లో దించి, చీలిన గొట్టం చివరను రంపంతో కోయించి, అదే ఫిరంగితో మళ్లీ వేటకు దిగాడు. అంత మొండిమనిషి. అతను ముంచిన ఓడలు మొత్తం 20. వాటిలో పోయిన ప్రాణాలను పక్కనపెట్టి అతన్ని మహాత్ముణ్ణి చేయడం నాకు సమ్మతం కాదు.

కానీ ఆ సెప్టెంబర్ రాత్రి అతను చేసింది అలాంటి కమాండర్ నుంచి ఎవరూ ఊహించనిది. ఇటాలియన్లను వెతకడంతో మొదలుపెట్టాడు. తర్వాత ఎవరు ఏ దేశం వాళ్లని చూడలేదు. తెల్లారేసరికి 193 మందిని పైకి లాగాడు. అసలే మనిషి మసలడానికి చోటులేని ఆ ఇనుప గొట్టంలో ఆడవాళ్లకు, పిల్లలకు పడకలిచ్చారు, వేడివేడి సూప్ ఇచ్చారు. లైఫ్‌బోట్లను తాళ్లతో తన పడవకు కట్టించాడు. ఆ ఉదయమే, దాపరికం లేకుండా ఇంగ్లిష్‌లో రేడియో సందేశం పంపాడు: ఎవరైనా సాయానికి రండి, నా మీద దాడి చేయకపోతే నేనూ చేయను. తానెక్కడున్నాడో కూడా చెప్పేశాడు. దాక్కోవడమే ప్రాణంగా బతికే జలాంతర్గామికి అంతకన్నా తెగింపు ఉండదు.

పై అధికారి డోనిట్జ్ అడ్డు చెప్పలేదు. మరో రెండు జర్మన్ జలాంతర్గాములు, ఒక ఇటాలియన్ జలాంతర్గామి వచ్చాయి. 16న ఆసెన్షన్ దీవి నుంచి ఒక అమెరికన్ లిబరేటర్ విమానం వచ్చింది. యు-156 మీద పెద్ద రెడ్‌క్రాస్ జెండా పరిచి ఉంది. జలాంతర్గామిలో ఉన్న ఒక బ్రిటిష్ అధికారి దీపంతో సంకేతాలిచ్చాడు, ఇక్కడ ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారని. విమానం వెళ్లి, స్థావరాన్ని అడిగి, ముంచేయమన్న ఆదేశంతో తిరిగొచ్చింది. ఒక బాంబు తాళ్లకు కట్టిన లైఫ్‌బోట్ల మధ్యే పడింది. హార్టెన్‌స్టైన్ తాళ్లు తెంపించి, కాపాడినవాళ్లను మళ్లీ నీళ్లలోకే దించి, లోతుకు మునిగిపోయాడు. కాపాడాలన్నా తన పడవే మిగిలేట్టు లేదు.

ఫ్రెంచి నౌకలు వచ్చేవరకు ఓపిక పట్టగలిగినవాళ్లు బతికారు. మొత్తం మీద మిగిలింది సుమారు 1,100 మంది. ఆ నౌకల కంటపడని ఒక లైఫ్‌బోటు 27 రోజులు కొట్టుకుపోయి ఆఫ్రికా తీరం చేరింది. ఎక్కింది 68 మంది, ఒడ్డున దిగింది 16 మంది. వాళ్లలో ఒకరైన నర్సు డోరిస్ హాకిన్స్, చేతుల్లోని చంటిపాప మొదటి రాత్రే అలల్లో జారిపోయిందని తర్వాత పుస్తకంలో రాసింది.

బాంబులు పడ్డ మర్నాడే డోనిట్జ్ ఆదేశం జారీ చేశాడు: మునిగిన ఓడల మనుషులను ఇకమీదట కాపాడొద్దు. యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్ విచారణలో ఆ ఆదేశమే అతని మీద అభియోగంగా వచ్చింది. అప్పటికి హార్టెన్‌స్టైన్ లేడు. 1943 మార్చి 8న, బార్బడోస్‌కు తూర్పున, యు-156 పైకి తేలి ఉండగా ఒక అమెరికన్ కాటలీనా విమానం బాంబులు వేసింది. కొందరు నీళ్లలో ఈదుతుండటం చూసి అదే విమానం ఒక తెప్పను జారవిడిచింది. తర్వాత ఎంత వెతికినా, ఆ 53 మందిలో ఒక్కరూ దొరకలేదు.