మొదటి పుస్తకంలో మన యాడీ ఎక్కడ?

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటి సంగతి. సారు గోడకు తగిలించిన పటం మీద బెత్తం పెట్టి ‘ఇదేంటి?’ అని అడిగారు. చీర కట్టుకుని బిడ్డను ఎత్తుకున్న ఒక ఆడమనిషి బొమ్మ అది. నేను గట్టిగా ‘యాడీ’ అన్నాను. తరగతంతా నవ్వింది. సారు కోప్పడలేదు. ‘యాడీ కాదురా, అమ్మ. అ అంటే అమ్మ’ అన్నారు. నేను చెప్పింది తప్పు కాదు. మన గోర్ బోలిలో అమ్మను యాడీ అనే అంటాం. కానీ ఆ రోజు నుంచి తెలిసిన జవాబు కూడా పైకి చెప్పడానికి భయపడ్డాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో చాలామంది ఇలాంటి రోజును దాటే వచ్చి ఉంటారు. ఈ సంచికలో మన పాటల గురించి, పండుగల గురించి, పోరాటాల గురించి పెద్దలు రాస్తున్నారు. నేను మాత్రం ఒక చిన్న వస్తువు చరిత్ర చెబుతాను. పసిపిల్లల చేతికి అందే మొదటి పుస్తకం, అంటే అక్షరాల బొమ్మల పుస్తకం చరిత్ర అది. చిన్నదే అయినా, ఏ పిల్ల బడిలో నిలుస్తుందో, ఏ పిల్ల వెనక్కి పోతుందో తేలేది చాలావరకు అక్కడే.

ఇసుక గుంట నుంచి బొమ్మల దాకా

పాతకాలపు వీధిబడిలో పిల్లలకు పుస్తకమే లేదు. ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దించేవారు. ‘ఓం నమః’ అంటూ మొదలుపెట్టేవారు కాబట్టే అక్షరాలకు ‘ఓనమాలు’ అనే పేరు వచ్చింది. 19వ శతాబ్దం నడిమి నుంచి పెద్దబాలశిక్ష అచ్చులో తిరిగింది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, చిన్న మాటలు, అంకెలు, తిథులు, నీతులు అన్నీ ఒకే పుస్తకంలో ఉండేవి. తరతరాల తెలుగువాళ్లకు చదువు నేర్పిన పుస్తకం అది. అయితే అది ప్రధానంగా వల్లె వేయించే పుస్తకం. ముందు నోటికి రావాలి, అర్థం తర్వాత తెలుస్తుంది.

అక్షరం పక్కన బొమ్మ పెట్టాలన్న ఆలోచన వెనుక వేరే దారి ఉంది. 1658లో కమీనియస్ అనే చెక్ దేశపు పండితుడు జర్మనీలోని నురెంబర్గ్‌లో ‘ఆర్బిస్ పిక్టస్’ అనే బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. పిల్లల కోసం వచ్చిన తొలి బొమ్మల పాఠ్యపుస్తకాల్లో దానికి పెద్ద పేరుంది. అందులో అక్షరాలు ఎలా మొదలవుతాయో తెలుసా? కాకి బొమ్మ, పక్కన కాకి కూత. గొర్రెపిల్ల బొమ్మ, పక్కన గొర్రెపిల్ల అరుపు. పిల్లవాడి చెవికి ముందే తెలిసిన శబ్దాన్ని పట్టుకుని, దానికి అక్షరం అనే గుర్తును జోడించాడు ఆయన.

బొమ్మల అక్షరమాల కిటుకు అంతా ఇదే. బొమ్మ చూడగానే పిల్ల నోటి వెంట ఒక మాట రావాలి. ఆ మాటలో మొదటి శబ్దమే నేర్పదలచిన అక్షరం కావాలి. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు అమ్మ బొమ్మ చూపిస్తే ‘అ’ వస్తుంది, ఆవు బొమ్మ చూపిస్తే ‘ఆ’ వస్తుంది, ఇల్లు చూపిస్తే ‘ఇ’ వస్తుంది. అదే బొమ్మలు మన తండా పిల్లకు చూపించండి. యాడీ, గావ్డీ, ఘర్ అంటుంది. బొమ్మ ఒక శబ్దం చెబుతుంటే అక్షరం ఇంకో శబ్దం చెబుతుంది. సాయం చేయాల్సిన బొమ్మే అడ్డం పడుతుంది. పిల్లకు తెలివి లేక కాదు, పుస్తకం తన కోసం గీసింది కాక.

సవర బడి కోసం ఒక పంతులు

ఈ సంగతిని మన నేల మీద అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నవారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సంతకు దిగివచ్చే సవరల మాట విని ఆ భాష నేర్చుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని పట్టుదలగా నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు. 1931లో సవర భాషా వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చయ్యాయి.

అడవిలో మాట్లాడే మాటకు కూడా వ్యాకరణం ఉంటుందని, దాన్ని పుస్తకంలో పెట్టవచ్చని చేసి చూపించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

మార్లవాయిలో గోండు యువకులు

రెండో కథ మన తెలంగాణది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పని మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. అప్పట్లో ఆ ప్రాంతంలో కొందరికి మరాఠీ చదువు పరిచయం ఉండటంతో ఆ వాచకాలను దేవనాగరి లిపిలో రాశారు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ పంతుళ్లు అయింది ఎవరు? ఏదో కొద్దిగా అక్షరం ముక్క వచ్చిన గోండు యువకులే. మీ వయసు వాళ్లే. వాళ్లు నేర్చుకుని, తమ గూడేల పిల్లలకు తమ మాటలోనే నేర్పారు. తర్వాత రాజ్యాలు మారాయి, పాలన భాషలు మారాయి, ఆ వాచకాలు పక్కకు పోయాయి. కానీ ఆ బడుల్లో చదివినవాళ్లు మిగిలారు. బెట్టీ 1987లో చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. అక్కడి జనం ఆ దంపతులను ఇప్పటికీ ఏటా తలచుకుంటారు.

గోండులకు సొంత లిపి కూడా ఉందని మనకు ఈ మధ్యే బాగా తెలిసింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన పాత రాతప్రతుల వల్ల ఆ లిపి వెలుగులోకి వచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో దానికి గుర్తింపు దక్కింది. 2018లో యూనికోడ్‌లో చేరడంతో కంప్యూటర్లో కూడా రాసుకునే వీలు కలిగింది.

ఎనిమిది భాషల వాచకాలు

మాతృభాషలో ప్రాథమిక చదువుకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచే రాష్ట్రాలకు చెబుతోంది. అది గిరిజన బడి దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది భాషల్లో పని మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, వాటితోపాటు మన బంజారా. ఆయా భాషలు మాట్లాడే ఉపాధ్యాయుల సాయంతో తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. మొదట 240 బడుల్లో ప్రయత్నించారు. మన గోర్ బోలి సర్కారు వాచకంలో అచ్చయిన రోజులవి.

అయితే ఆ ఏర్పాటు గూడేల బడుల కోసం, తండాల బడుల కోసం. పొట్ట చేతపట్టుకుని పట్నం వచ్చిన వాళ్ల పిల్లల కోసం వేసింది కాదు.

సైదాబాద్ సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. సైదాబాద్ సింగరేణి కాలనీ పక్క బస్తీలో దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన మన వాళ్లు చాలామంది ఉన్నారు. కూలి పని, మేస్త్రీ పని, ఇళ్లల్లో పని చేసుకుంటూ బతుకుతున్నారు. ఇంట్లో గోర్ బోలి, వీధిలో హిందీ, బడిలో తెలుగు లేదా ఇంగ్లీషు. అయిదేళ్ల పిల్ల ఒక్క రోజులో మూడు నాలుగు భాషల మధ్య తిరుగుతుంది. ఆ పిల్ల చేతిలో ఉన్న పుస్తకంలో ‘ఎ ఫర్ యాపిల్’ ఉంటుంది, లేదా ‘ఋ - ఋషి’ ఉంటుంది. తన ఇంటి వస్తువు ఒక్కటీ ఉండదు.

అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఎంత దూరం? మనలో వందలమంది గ్రూప్స్ కోసం, డీఎస్సీ కోసం, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం అక్కడి కోచింగ్ సెంటర్లలో కూర్చుంటున్నాం. మార్లవాయి యువకుల కంటే మనకు చదువు ఎక్కువే. మరి పక్క బస్తీలో మన పిల్ల మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతుంటే మనకు పట్టదా?

‘గోర్ బోలి నేర్పితే ఉద్యోగం వస్తుందా? ఇంగ్లీషు నేర్పండి’ అని మన తల్లిదండ్రులే అంటారు. వాళ్ల భయం అబద్ధం కాదు. వాళ్లు పడ్డ అవమానాల్లోంచి వచ్చిన మాట అది. కానీ మనం గోర్ బోలి దగ్గర ఆగిపొమ్మనడం లేదు. అక్కడ మొదలుపెట్టమంటున్నాం. చదవడం అనే విద్య ఒకసారి వస్తే చాలు, దాన్ని ఇంకో భాషకు తీసుకుపోవచ్చు. తెలిసిన మాటతో నేర్చుకుంటే అది తొందరగా వస్తుంది.

ఎలాగో చూడండి. రొట్టె బొమ్మ గీసి కింద ‘బాటి’ అని రాయండి. నీళ్ల బిందె గీసి ‘పాణి’ అని రాయండి. పిల్లకు బా, టి, పా, ణి అనే నాలుగు అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు వాటిని అటూ ఇటూ మార్చండి. ‘పాటి’, ‘బాణి’ అయ్యాయి. అవి తెలుగు మాటలు. లిపి ఒకటే కాబట్టి పిల్ల తెలియకుండానే తెలుగులోకి అడుగుపెట్టింది. అలాగే మామూలు వాచకంలో ‘ఘ’ ఎప్పుడో చివరికి వచ్చే కష్టమైన అక్షరం. మన పిల్లకు అది రోజూ పలికే ‘ఘర్’. మనది మనం రాసుకుంటే ఏది ముందు, ఏది వెనుక అనేది మన ఇల్లే చెబుతుంది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. పన్నెండు తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు, కుట్టడానికి దారం. మాటలు మన ముసలి యాడీలను అడగండి. ఫేటియా, కాంచళి, నగారా, తీజ్ బుట్ట బొమ్మలు మీరు గీయండి. పేజీకి ఒక బొమ్మ, ఒక మాట చాలు. తర్వాత చిన్న కథలకు పోవచ్చు. 2015లో మొదలైన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, వాటిని ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు. ఆదివారం ఒక గంట బస్తీలో చాప పరిచి కూర్చుంటే సరిపోతుంది. గోండి, కోయ మాట్లాడే మిత్రులు తమ మాటల్లో ఇదే పని చేయవచ్చు.

గిడుగు గారు సవర నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. హైమన్‌డార్ఫ్ దంపతులు సముద్రం దాటి వచ్చారు. మనం ఏదీ నేర్చుకోనక్కర్లేదు, ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ భాష మన నోట్లోనే ఉంది. వచ్చే ఏడాది ఈ సంచికలో మీరు గీసిన బొమ్మల పుస్తకం పేజీలు చూడాలని నా కోరిక. అందులో యాడీ బొమ్మ చూపించినప్పుడు ఏ పిల్లా నవ్వులపాలు కాకూడదు.