కోనసీమలో క్యాన్సర్: మానసిక అనుభవం

క్యాన్సర్ రోగులు, వారి కుటుంబాలు పడే భయం, దిగులు, ఒంటరితనాలను పట్టించుకునే వైద్యశాస్త్ర విభాగం సైకో ఆంకాలజీ. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977లో జిమ్మీ హాలండ్ దీనికి పునాది వేశారు.

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో క్యాన్సర్ అనుభవం తరచుగా దాపరికంతో మొదలవుతుంది. బయాప్సీ రిపోర్టు ముందు కొడుకో అల్లుడో చూస్తారు. తల్లితో "చిన్న గడ్డేనంట, తీసేత్తే సరిపోద్దంట" అంటారు. వార్డులో పక్క మంచం వాళ్ల మాటల్లో ఆమెకు సంగతి తెలిసిపోతుంది. తెలిసిందంటే పిల్లలు బెంబేలెత్తుతారని ఆమె ఊరుకుంటుంది. ఒకరి కోసం ఒకరు దాచుకోవడంలో ఇంట్లో అసలు మాటే ఆగిపోతుంది.

దాపరికానికి పెళ్లి సంబంధాలూ ఒక కారణం. వంశంలో ఉందంటే ఆడపిల్లకు సంబంధం రాదని భయం. నిజానికి వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అంటుకుంటుందని కంచం, గ్లాసు వేరుచేసే ఇళ్లూ ఉన్నాయి. జబ్బుకన్నా ఆ గ్లాసే ఎక్కువ బాధిస్తుంది.

చికిత్స కోసం రాజానగరం జీఎస్ఎల్ ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో వెళ్లాల్సి వస్తుంటుంది. జనం "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం ఆసుపత్రి బిల్లు భారం తగ్గించింది. గది అద్దె, తోడు వచ్చినవాళ్లు పోగొట్టుకున్న కూలి మిగిలే ఉంటాయి. "నా మీద ఇంత పెట్టాలా" అన్న అపరాధభావం అక్కడ పుడుతుంది.

కీమోతో జుట్టు ఊడినా వాడపల్లి వెంకన్నకు తలనీలాల మొక్కంటే ఊళ్లో నమ్ముతారు. కనుబొమలూ రాలాక ఆ సాకు చెల్లదు.

కోలుకునే దశ తేలికని బయటివాళ్లు అనుకుంటారు. చికిత్స నడిచినన్నాళ్లు ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది. అది ముగిశాక ప్రతి దగ్గూ, నడుంనొప్పీ అనుమానమే. చెకప్ ముందు వారం నిద్ర ఉండదు. కలిసి కీమో ఎక్కించుకున్నవారు పోయారని తెలిస్తే తాను మిగిలినందుకు సిగ్గులాంటిది కలుగుతుంది. "తగ్గిపోయిందిగా, ఇంకా దిగులేంటి?" అన్న మాటతో అది లోపలే ఉండిపోతుంది.

ఈ బాధను సున్నా నుంచి పది వరకు రోగే గుర్తుపెట్టే కొలమానం ఉంది. నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకా లోతుగా అడిగి చూడాలి. ఇక్కడి రోగులు మాత్రం భయమని అరుదుగా అంటారు. "అన్నం సయించట్లేదండి" అంటారు.