దీర్ఘ క్యూటీ సిండ్రోమ్

దీర్ఘ క్యూటీ సిండ్రోమ్ గుండె లయను దెబ్బతీసే వంశపారంపర్య వ్యాధి. ఇందులో ప్రతి స్పందన తరువాత జఠరికలు విద్యుత్‌పరంగా యథాస్థితికి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈసీజీలో క్యూ తరంగం మొదలు నుండి టీ తరంగం చివరి వరకు గల వ్యవధి పెరగడం వలన ఈ పేరు వచ్చింది.

జన్యు కారణాలు

గుండె కణాలలో అయాన్లు ప్రవహించే మార్గాలను నిర్దేశించే జన్యువులలోని ఉత్పరివర్తనలు దీనికి మూలం. వీటిలో ముఖ్యమైనవి మూడు:

* కెసిఎన్‌క్యు1 (11వ క్రోమోజోము): పొటాషియం మార్గానికి చెందినది. వ్యాయామం, ముఖ్యంగా ఈత, లయ తప్పడానికి దారితీయవచ్చు.
* కెసిఎన్‌హెచ్2 (7వ క్రోమోజోము): ఇదీ పొటాషియం మార్గానిదే. అలారం వంటి ఆకస్మిక శబ్దం ప్రమాదకరం.
* ఎస్‌సిఎన్5ఎ (3వ క్రోమోజోము): సోడియం మార్గానికి చెందినది. ప్రమాదం ఎక్కువగా నిద్రలో, విశ్రాంతిలో సంభవిస్తుంది.

అనువంశికత

1963-64లలో రొమానో, వార్డ్ వేర్వేరుగా వర్ణించిన రూపంలో, తల్లిదండ్రులలో ఒకరికి లోపమున్నా ప్రతి బిడ్డకు అది సంక్రమించే అవకాశం 50 శాతం. 1957లో జెర్వెల్, లాంగే-నీల్సన్ వర్ణించిన అరుదైన రూపంలో పుట్టుచెవుడు కూడా ఉంటుంది. దీనికి లోపజన్యువు తల్లిదండ్రులు ఇద్దరి నుండీ రావాలి. మేనరికం వంటి దగ్గరి సంబంధాలలో ఈ అవకాశం పెరుగుతుంది.

గుర్తింపు, చికిత్స

రోగి హఠాత్తుగా స్పృహ తప్పడాన్ని మూర్ఛవ్యాధిగా పొరబడుతుంటారు. కొందరిలో ఆకస్మిక మరణమే తొలి లక్షణం. ఈసీజీ మామూలుగా ఉన్నా జన్యులోపం ఉండవచ్చు. కనుక ఒకరిలో వ్యాధి బయటపడితే తల్లిదండ్రులను, తోబుట్టువులను, సంతానాన్ని కూడా పరీక్షించడం అవసరం. చికిత్సలో బీటా బ్లాకర్ మందులు ప్రధానమైనవి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి శరీరంలో డీఫిబ్రిలేటర్ అమరుస్తారు.