సెషన్ స్థితి (ఏఎస్‌పీ డాట్ నెట్)

వెబ్ అప్లికేషన్ వాడుతున్న ఒక్కొక్కరి వివరాలను సర్వర్ తాత్కాలికంగా దాచుకునే ఏర్పాటు సెషన్ స్థితి. వెబ్ సమాచారాన్ని చేరవేసే హెచ్‌టీటీపీకి ఒక అభ్యర్థన నుంచి మరోదానికి జ్ఞాపకం ఉండదు; అందుకే సెషన్ ఎవరిదో గుర్తించడానికి సాధారణంగా బ్రౌజర్ పంపే కుకీలోని గుర్తింపు సంకేతమే ఆధారం.

2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఏఎస్‌పీ డాట్ నెట్‌లో పేరు, అంకె, తేదీ, కొనుగోలు జాబితా ఏదైనా సెషన్‌లో పెట్టవచ్చు. అన్నీ ‘ఆబ్జెక్ట్’ రకంగానే నిలుస్తాయి కనుక తీసేటప్పుడు అసలు రకానికి మార్చుకోవాలి. విలువ లేకపోతే వచ్చేది నల్. చూసుకోకుండా దాన్ని పూర్ణాంకంగా మార్చబోతే లోపం తలెత్తుతుంది. సర్వర్ మెమరీలో ఉంచినంతవరకు ఏ రకమైనా చెల్లుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దాచాలంటే మాత్రం ఆ ఆబ్జెక్ట్ సీరియలైజ్ కావాలి, అంటే బైట్ల వరుసగా మారాలి. డేటాబేస్ కనెక్షన్ లాంటివి అలా మారవు, అసలు వాటిని సెషన్‌లో పెట్టనే కూడదు.

దాని తర్వాత 2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ సెషన్‌లో బైట్లనే దాస్తుంది. స్ట్రింగ్‌లకు, 32 బిట్ల పూర్ణాంకాలకు సిద్ధ పద్ధతులున్నాయి. మిగతావాటిని సాధారణంగా జేసాన్ అనే పాఠ్య రూపంలోకి మార్చి పెడతారు.

అమరిక మార్చకపోతే, రెండింటిలోనూ 20 నిమిషాలు కదలిక లేని సెషన్ ముగుస్తుంది.